రసాయన చర్య వేగాన్ని మార్చే అంశాలను తరగతి గదిలో పరిశీలించడం ఎలా?

రసాయన చర్య వేగం గాఢత, ఉష్ణోగ్రత, ఉపరితల వైశాల్యం, ఉత్ప్రేరకం (తాను ఖర్చు కాకుండా చర్య వేగాన్ని మార్చే పదార్థం) అనే అంశాలను బట్టి మారుతుందని పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో చదివేయవచ్చు. ఆ వాక్యాన్ని విద్యార్థులు తమ కొలతల నుంచే రాబట్టాలంటే మాత్రం, ప్రతి ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చి మిగిలినవన్నీ యథాతథంగా ఉంచాలి. నాలుగింటినీ ఒకే పీరియడులో ముగించాలని తొందరపడితే ముందుగా గాలికి పోయేది ఈ నియమమే కనుక, కనీసం మూడు పీరియడ్లు కేటాయించడం మంచిది.

ముందు రోజు చేయవలసిన పని

20 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలను, అంటే హైపోను, నీటిలో కరిగించి అర లీటరు ద్రావణం చేసుకోండి. ఇది ఐదు జట్లకు సరిపోతుంది. ఐదు వంతుల నీటిలో ఒక వంతు గాఢ హైడ్రోక్లోరికామ్లాన్ని నెమ్మదిగా పోస్తే సుమారు 2 మోలార్ ఆమ్లం, అంటే లీటరుకు 2 మోల్‌లు ఉన్న ఆమ్లం వస్తుంది. ఈ పని ఉపాధ్యాయులే చేయాలి, ఆమ్లంలో నీరు ఎప్పుడూ పోయకూడదు. ప్రయోగ సమయంలో అందరూ రక్షణ కళ్లద్దాలు ధరించాలి. హైపో ప్రయోగంలో సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి కిటికీలన్నీ తెరిచి, ఉబ్బసం ఉన్న పిల్లలను బీకర్లకు దూరంగా కూర్చోబెట్టి, సమయం నమోదు చేసే పని ఇవ్వాలి.

మొదటి మెట్టు: గాఢత

తెల్ల కాగితంపై నల్లని ఇంటూ గుర్తు గీసి, దానిపై 50 మి.లీ. బీకరు ఉంచండి. అందులో 20 మి.లీ. హైపో పోసి, 2 మి.లీ. ఆమ్లం కలిపిన క్షణం నుంచి సెల్‌ఫోనులో సమయం లెక్కించండి. గంధకం సన్నని రేణువులుగా ఏర్పడి ద్రావణం పాలలా మారుతుంది. పై నుంచి చూస్తున్న విద్యార్థికి గుర్తు పూర్తిగా కనబడకుండా పోయిన క్షణంలో లెక్క ఆపాలి. తరువాత హైపోను 15, 10, 5 మి.లీ.లకు తగ్గిస్తూ, ప్రతిసారీ నీటితో 20 మి.లీ.లకు నింపి ఇదే విధంగా చేయండి. బీకరు మారితే ద్రావణం లోతు మారుతుంది, చూసే వ్యక్తి మారితే కనబడకపోవడానికి అర్థమే మారుతుంది. అందుకే రెండింటినీ చివరి వరకు మార్చకూడదు. ప్రతి కొలత పూర్తవగానే బీకరులోని ద్రావణాన్ని చాకలి సోడా నీటిలో పారబోస్తే వాయువు వెలువడటం ఆగుతుంది.

1ని సమయంతో భాగించగా వచ్చిన విలువను వేగానికి కొలతగా తీసుకుని, హైపో పరిమాణానికి ఎదురుగా గ్రాఫు గీయించండి. బిందువులు దాదాపు సరళరేఖపై పడతాయి. గాఢత సగమైతే సమయం ఇంచుమించు రెట్టింపవుతుంది.

రెండో మెట్టు: ఉష్ణోగ్రత

10 మి.లీ. హైపో, 10 మి.లీ. నీటి మిశ్రమాన్నే తీసుకుని, ఒకసారి ఐసు నీటిలో, ఒకసారి గది ఉష్ణోగ్రత వద్ద, మరి రెండుసార్లు వేడినీటి తొట్టెలో ఉంచి సుమారు 40, 50 డిగ్రీల వద్ద చేయండి. అంతకు మించి వేడి చేస్తే ఘాటైన వాయువు ఎక్కువగా వస్తుంది. గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలని రాసేయడం విశాఖపట్నంలో చాలా నెలలు అబద్ధమే అవుతుంది. ఆమ్లం కలిపిన తరువాత థర్మామీటరు చూపిన అంకెనే రాయించాలి. ఇక్కడి తేమ గాలిలో ఐసు నుంచి తీసిన బీకరు అడుగున నిమిషంలో చెమ్మ పడుతుంది, సిరా గుర్తు అలుక్కుపోతుంది. బీకరును తుడిచి, కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెడితే ఈ చిక్కు ఉండదు.

10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుందని పిల్లలు గమనించాక, కారణం వారినే అడగండి. కణాలు ఎక్కువసార్లు ఢీకొంటాయన్నది సగం జవాబే, ఎందుకంటే ఆ మాత్రం వేడికి అభిఘాతాల సంఖ్య 2 శాతమైనా పెరగదు. ఉత్తేజన శక్తిని, అంటే చర్య జరగడానికి కావలసిన కనీస శక్తిని, దాటగలిగిన కణాల సంఖ్య బాగా పెరగడమే అసలు కారణం.

మూడో మెట్టు: ఉపరితల వైశాల్యం

దీనికి పాలరాయి కొనవలసిన పని లేదు. ఆర్కే బీచ్‌లోనో భీమిలిలోనో దొరికే ఖాళీ గుల్లలు ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. మెరుగు పూసి అమ్మే గవ్వలు మాత్రం పనికిరావు, ఆ పూత ఆమ్లాన్ని అడ్డుకుంటుంది. ఒకే రకం గుల్లలను కడిగి, ఆరబెట్టి, పెద్ద ముక్కలు 1 గ్రాము, కల్వంలో నూరిన పొడి 1 గ్రాము తూచుకోండి. ముందు రోజు తయారుచేసిన ఆమ్లానికి సమానంగా నీరు చేర్చి, 50 మి.లీ. చొప్పున రెండు 250 మి.లీ. కుప్పెల్లో పోయండి. కుప్పెను 0.01 గ్రా. వరకు చూపే త్రాసుపై పెట్టి, గుల్ల వేసి, మూతికి దూది వదులుగా పెట్టి, అర నిమిషానికోసారి బరువు రాయండి. పొడి ఒక్కసారిగా నురగలు కక్కుతుంది, ముక్కలు నింపాదిగా కరుగుతాయి. అయినా చివరికి రెండింటిలోనూ తగ్గే బరువు 0.44 గ్రాములకు కాస్త అటు ఇటుగానే ఉంటుంది. వేగం మారినంత మాత్రాన వచ్చే వాయువు మొత్తం మారదని ఇంత స్పష్టంగా చూపే ప్రయోగం మరొకటి లేదు.

నాలుగో మెట్టు: ఉత్ప్రేరకం

మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడుకు సమానంగా నీరు కలిపి, నాలుగు కొలజాడీల్లో 10 మి.లీ. చొప్పున పోసి, ఒక్కో చుక్క గిన్నెలు తోమే ద్రవం వేయండి. ఒకదాన్ని అలాగే వదిలి, మిగిలిన వాటిలో వరుసగా చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్, పచ్చి బంగాళాదుంప ముక్క, ఉడికించిన ముక్క వేసి నురగ ఎత్తు కొలవండి. ఉడికిన ముక్క దగ్గర దాదాపు ఏమీ జరగదు, ఎందుకంటే అందులో ఉత్ప్రేరకంగా పనిచేసే ఎంజైము వేడికి పాడైపోతుంది. వెలిగే అగరుబత్తిని నురగ దగ్గరకు తెస్తే నిప్పు ప్రకాశవంతమై, వెలువడేది ఆక్సిజనని తెలుస్తుంది. మల్కాపురం వైపున్న హిందుస్థాన్ పెట్రోలియం చమురు శుద్ధి కర్మాగారంలో బరువైన నూనెను విడగొట్టే ఉత్ప్రేరకాన్ని సన్నని పొడిగానే వాడతారు. మూడో మెట్టు ఇక్కడా పనిచేస్తోందన్న మాట.

ఉత్ప్రేరకం ఖర్చు కాదని చూపాలంటే ముందే తూచిన 1 గ్రాము మాంగనీస్ డయాక్సైడును, ద్రవ సబ్బు కలపని పెరాక్సైడులో కొద్దికొద్దిగా వేయాలి. బుడగలు పూర్తిగా ఆగాక వడగట్టి, కడిగి, ఆరబెట్టి, వడపోత కాగితంతో సహా తూచి, ఖాళీ కాగితం బరువు తీసివేయండి. ఆ పొడిని కిటికీ పక్కన ఆరబెడితే సముద్రపు తేమకు బరువు ఎక్కువే చూపుతుంది. హాట్ ఎయిర్ ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారిన వెంటనే తూచాలి.