కోల్డ్ రూమ్ చల్లబడటం లేదా? గ్యాస్ మాట ఎత్తేముందు ఇవి చూడండి

కోల్డ్ రూమ్‌లో డిగ్రీలు పెరుగుతున్నాయనగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". గ్యాస్ అలా అయిపోదండీ. అది బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు కూడా లేకుండా చల్లదనం తగ్గడానికి బోలెడు కారణాలున్నాయి, వాటిలో చాలావరకు మీరే టార్చిలైటు పట్టుకుని ఒక గంటలో చూసుకోగలిగినవి. నేను చూసిన కంప్లైంట్లలో ఎక్కువ భాగం తలుపు దగ్గరో, ఫ్యాన్ దగ్గరో, దుమ్ము పట్టిన కండెన్సర్ (బయటి యూనిట్‌లో వేడిని వదిలే రేకుల భాగం) దగ్గరో తేలిపోయినవే.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే వెతకడం తేలికవుతుంది. కోల్డ్ రూమ్ చలిని తయారు చేయదు, లోపలున్న వేడిని ఎత్తి బయట పారేస్తుంది, అంతే. కాబట్టి అడగాల్సినవి మూడే: వేడి మామూలు కంటే ఎక్కువగా లోపలికి వస్తోందా, లోపలి గాలి కాయిల్ (లోపలి యూనిట్‌లో గ్యాస్ తిరిగే గొట్టాలు, వాటికి అంటిన రేకులు) గుండా సరిగ్గా తిరుగుతోందా, బయటి యూనిట్ ఆ వేడిని వదలగలుగుతోందా. ఈ మూడూ చూశాకే గ్యాస్ సంగతి.

ముందు సరుకు. కూలర్ (సరుకు గడ్డకట్టకుండా చల్లగా ఉంచే గది) అయితే 1 నుంచి 4 డిగ్రీల మధ్య, ఫ్రీజర్ అయితే మైనస్ 18 దగ్గర ఉండాలి. 5 డిగ్రీలు దాటితే సూక్ష్మజీవులు వేగంగా పెరగడం మొదలవుతుంది, కాబట్టి మాంసం, చేపలు, పాలు, వండిన పదార్థాలు ముందు వేరే చోటికి మార్చేయండి. వాసన చూసి బాగానే ఉందనుకోవద్దు, చెడిపోయినదంతా వాసన రాదు.

తర్వాత, లోపల నిజంగానే వేడెక్కిందో లేదో తేల్చుకోండి. డిస్‌ప్లేలో కనిపించేది సెన్సర్ ఉన్న చోటి గాలి వేడి మాత్రమే. ఇప్పుడే తలుపు తీసి మూసినా, ఇప్పుడే డిఫ్రాస్ట్ (కాయిల్ మీది ఐస్ కరిగించడం) అయినా ఆ అంకె కాసేపు పైకి పోయి మళ్లీ దిగుతుంది, అది జబ్బు కాదు. కూలర్ అయితే ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి గది మధ్యలో అరలో ఉంచి కొన్ని గంటల తర్వాత చూడండి. సరుకు ఎంత చల్లగా ఉందో ఆ నీళ్లు చెబుతాయి. నీళ్లు 3 డిగ్రీలు ఉండి డిస్‌ప్లే 8 చూపిస్తుంటే సెన్సర్‌ని అనుమానించాలి, మెషిన్‌ని కాదు. సెట్టింగ్ ఎవరైనా మార్చారేమో, ఎంసీబీ (కరెంటు ట్రిప్పయ్యే స్విచ్) పడిందేమో కూడా ఇప్పుడే చూసేయండి. ఎంసీబీ ఒకసారి ఎత్తి చూడొచ్చు. మళ్లీ పడితే ఇక ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఇక తలుపు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడమంటాను, ఎందుకంటే తలుపు సందులోంచి వచ్చేది వేడి ఒక్కటే కాదు, తేమ కూడా. ఆ తేమే లోపలికెళ్లి కాయిల్ మీద ఐసై కూర్చుంటుంది. ఒక కాగితం ముక్క తీసుకుని తలుపుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే గాస్కెట్, అంటే తలుపు అంచు రబ్బరు, బాగున్నట్టు, సుతారంగా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇదే చేయండి. కింది మూలలు అస్సలు వదలొద్దు, ట్రాలీలు తగిలేది అక్కడే, నీళ్లు నిలిచి రబ్బరు గట్టిపడేది అక్కడే. జిడ్డు పట్టి అతుక్కోకపోతే గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడవండి. మెలి తిరిగితే వేడి నీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అద్ది సరిచేస్తే చాలాసార్లు మళ్లీ కూర్చుంటుంది. చిరిగితే మాత్రం మార్చడమే. తలుపు కిందికి జారి నేలకు రాసుకుంటుంటే తప్పు గాస్కెట్‌ది కాదు, కీళ్లది. తలుపు దగ్గర సీలింగ్ మీద మంచు పేరుకుని కనిపించిందా, ఇక వేరే రుజువు అక్కర్లేదు, గాలి అక్కడి నుంచే వస్తోంది. ప్లాస్టిక్ కర్టెన్‌లో రెండు మూడు పట్టీలు ఊడిపోతే వాటిని పక్కకి కట్టేసి పనిచేసుకుంటారు, అవి మళ్లీ తగిలించేదాకా గది కోలుకోదు.

సరుకు పేర్చే తీరు కూడా చూడాలి. పొగలు కక్కుతున్న గిన్నెలు తెచ్చి లోపల పెడితే ఆ వేడంతా కూడా ఆ మెషినే మోయాలి, పైగా ఆవిరి తిన్నగా కాయిల్ మీదికే పోతుంది. పెట్టెలు ఇండోర్ యూనిట్ ముందు ఎత్తుగా పేరిస్తే ఫ్యాన్ గాలి వాటికి కొట్టుకుని వెనక్కే తిరుగుతుంది, యూనిట్ దగ్గర చల్లగా ఉండి తలుపు దగ్గర వెచ్చగా ఉంటుంది. గోడలకు బెత్తెడు సందు వదలండి, యూనిట్ అడుగు మట్టానికి మించి ఏదీ పేర్చకండి.

ఇప్పుడు ఫ్యాన్లు. మామూలు కూలర్లలో కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) ఆగినా లోపలి ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఫ్రీజర్లలో డిఫ్రాస్ట్ అవుతున్నంతసేపు ఆగి, కాయిల్ మళ్లీ చల్లబడ్డాక తిరుగుతాయి. కొన్నిచోట్ల తలుపు తీస్తే ఆగేలా స్విచ్ పెడతారు. ఇవేవీ కాకుండా ఒక్క ఫ్యాన్ ఆగినా తేలిగ్గా తీసుకోవద్దు. రెండు ఫ్యాన్లలో ఒకటి ఆగితే చల్లదనం సగమే తగ్గుతుందనుకుంటారు గానీ, తిరిగే ఫ్యాన్ ఆగిన ఫ్యాన్ కంతలోంచి అదే గాలిని మళ్లీ లాక్కుంటుంది, కాయిల్‌కి అందాల్సిన గాలి అందదు. మెయిన్ స్విచ్ ఆపి రెక్కని చేత్తో తిప్పండి. సాఫీగా తిరిగి నెమ్మదిగా ఆగాలి, గరగరమంటే మోటారు మార్చాలి. మార్చేటప్పుడు అదే స్పీడు, తిరిగే దిశ కూడా అదే ఉండాలి. ఉల్టా తిరిగే మోటారు బిగించి గాలి వస్తోంది కదా అని వదిలేసిన యూనిట్ ఒకటి చూశాను నేను, దానికి ఆ తర్వాత రోజూ ఐస్ పట్టేది.

ఐస్ సంగతికొద్దాం. టార్చి తీసుకుని ఇండోర్ యూనిట్ వెనక వైపు, అంటే గాలి లోపలికి పీల్చుకునే వైపు, వేసి చూడండి. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. రేకుల మీద పల్చగా, అంతటా సమానంగా తెల్లటి పొర ఉంటే అది మామూలే. రేకుల మధ్య సందులు కనబడకుండా గడ్డ కట్టేస్తే గాలి ఆడదు. గాలి ఆడకపోతే చల్లదనం రాదు, చల్లదనం రాదని సెట్టింగ్ ఇంకా తగ్గిస్తారు, ఐస్ ఇంకా పెరుగుతుంది. అందుకే చెబుతున్నాను, చల్లబడటం లేదని కూలర్ సెట్టింగ్‌ని సున్నాకి తిప్పొద్దు. చాలా కూలర్లకు హీటర్ ఉండదు, కంప్రెసర్ ఆగినప్పుడు ఫ్యాన్లు లోపలి గాలినే కాయిల్ మీదుగా తోసి ఆ మంచు కరిగిస్తాయి. గది సున్నా దగ్గర ఉంటే కరిగించేందుకు ఆ గాలిలో వేడే ఉండదు.

ఫ్రీజర్‌లో ఆ పనికి హీటరో వేడి గ్యాసో కావాలి, అది ఎప్పుడు చేయాలో టైమర్ చెబుతుంది. ఒకచోట నెలలో రెండుసార్లు గ్యాస్ పట్టించారు, అయినా మూడోసారి పిలిచారు. కాయిల్ వెనక చూస్తే ఐస్ గోడలా ఉంది. టైమర్ డబ్బా మూత తీసి చక్రం మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసి, ఒక గంట తలుపు పని చూసుకుని వచ్చాను. గీత ఉన్నచోటే ఉంది. టైమర్ ఎప్పుడో ఆగిపోయింది, డిఫ్రాస్ట్ మొదలయ్యేదే కాదు. రెండుసార్లు గ్యాస్ పట్టించినా ఆ ఐస్ కరగలేదు, ఎలా కరుగుతుంది? మీ దగ్గర అలాంటి చక్రం టైమర్ ఉంటే, మెయిన్ ఆపి మూత తీసి ఇదే చేయండి, గీత గీశాక మూత బిగించి కరెంటు ఇవ్వండి, గంట తర్వాత మళ్లీ ఆపి చూడండి. తిరుగుతున్నా ఐస్ కరగడం లేదంటే హీటర్ కాలిపోయి ఉండొచ్చు, లేదా డిఫ్రాస్ట్ ఆపే సెన్సర్ ముందే ఆపేస్తుండొచ్చు. అవి మీటర్ పట్టి చూడాల్సినవి, మెకానిక్‌కి వదిలేయండి.

గడ్డకట్టిన ఐస్‌ని కత్తితోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ పొడవకండి. ఆ రేకుల వెనక ఉన్నది పల్చటి రాగి గొట్టం, ఒక్క పోటుకి గ్యాసంతా పోతుంది, అప్పటిదాకా లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. సరుకు మార్చి, మెయిన్ ఆపి, తలుపు తీసి పెట్టండి. తొందరైతే గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి, మోటార్ల మీద, వైర్ల మీద పడకుండా. లోపలి పొర దాకా కరిగిందని టార్చితో చూశాకే ఆన్ చేయండి. కరిగిన నీరు డ్రెయిన్ పైపులోంచి పోతోందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. ట్రేలో నిలిచిన నీళ్లే మళ్లీ ఐసై కాయిల్ అడుగు నుంచి పైకి ఎక్కుతాయి. ఫ్రీజర్లలో డ్రెయిన్ పైపుకి చుట్టే హీటర్ వైరు చెడిపోతే ఇదే జరుగుతుంది.

బయటి యూనిట్‌కి వెళదాం. "రాత్రి బాగానే ఉంటోంది, మధ్యాహ్నమే చల్లబడటం లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది కండెన్సర్నే. దుమ్ము, జిడ్డు, దూది పోగులు కలిసి దాని మీద దుప్పటిలా పేరుకుంటాయి. ఒక మూల గోటితో పట్టి లాగితే చర్మంలా ఊడి వస్తుంది, కింద రేకులు తళతళమంటాయి. మెయిన్ ఆపి, మెత్తటి బ్రష్‌తో రేకులు ఉన్న వైపే, నిలువుగా ఉంటే నిలువుగా గీయండి. అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. నీళ్లు కొట్టాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో, గాలి వెళ్లే దిశకు ఎదురుగా కొట్టండి, లేకపోతే మురికి ఇంకా లోపలికి పోతుంది. చుట్టూ అట్టపెట్టెలు పేర్చారా, వదిలిన వేడి గాలి గోడకి కొట్టుకుని మళ్లీ దానిలోకే వెళ్తోందా చూడండి. నడుస్తున్నప్పుడు దాని ఫ్యాన్ గాలికి చెయ్యి అడ్డం పెడితే చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా తగలాలి. కంప్రెసర్ నడుస్తున్నా వెచ్చదనమే లేకపోతే లోపలి నుంచి వేడి రావడం లేదన్నమాట, అప్పుడు గ్యాస్‌నో కంప్రెసర్‌నో అనుమానించొచ్చు.

కంప్రెసర్ రెండు మూడు నిమిషాలకోసారి ఆగుతూ వస్తుంటే ఏదో ఒక రక్షణ స్విచ్ దాన్ని ఆపుతోందని అర్థం. కండెన్సర్ మూసుకుపోతే హై ప్రెషర్ స్విచ్ ఆపుతుంది, గ్యాస్ తగ్గినా, కాయిల్ గడ్డకట్టినా, సోలినాయిడ్ వాల్వ్ (గ్యాస్ దారిని కరెంటుతో తెరిచే వాల్వ్) తెరుచుకోకపోయినా లో ప్రెషర్ స్విచ్ ఆపుతుంది. రీసెట్ బటన్ పదే పదే నొక్కుతూ నడిపిస్తే చివరికి కాలేది కంప్రెసరే. హమ్‌మని మూలిగి టక్‌మని ఆగుతుంటే వోల్టేజీ, కెపాసిటర్, రిలే చూడమనండి.

ఇంతా చూశాక గ్యాస్. కాయిల్‌లో గ్యాస్ ప్రవేశించే వైపు రెండు మూడు గొట్టాల మీదే మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉండటం, జాయింట్ల దగ్గర నూనె మరకలు, సైట్ గ్లాస్‌లో (పైపు లోపల కనిపించే చిన్న గాజు కిటికీ) ఆగకుండా బుడగలు రావడం గ్యాస్ తగ్గిందనడానికి గుర్తులు. బుడగలు ఫిల్టర్ మూసుకుపోయినా వస్తాయి, కాబట్టి అదొక్కటే చూసి తేల్చొద్దు. ఈ పని మీరు చేసేది కాదు, కానీ మెకానిక్‌ని అడగాల్సినవి అడగండి: లీకు ఎక్కడ దొరికింది, అతికించాక నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి చూశారా, పైపుల్లోని గాలి, తేమ లాగేసి వాక్యూమ్ చేశారా, తూకం వేసి పట్టించారా. 404ఏ లాంటి మిశ్రమ గ్యాస్ అయితే సిలిండర్‌లోంచి ద్రవంగానే తీయాలి, ఆవిరిగా తీస్తే అందులోని పాళ్లు మారిపోతాయి. 290 అని రాసి ఉంటే అది ప్రొపేన్, మంట అంటుకునేది, దాని దగ్గర వెల్డింగ్ టార్చి వెలిగించేముందు గ్యాసంతా తీసేసి ఉండాలి. లీకు మూయకుండా మళ్లీ మళ్లీ నింపడం మీ డబ్బుకే కాదు నష్టం. 404ఏ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 3,900 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

పని అయిపోయాక ఖాళీ గదిని నడిపి గంటకోసారి డిగ్రీలు రాసుకోండి. సెట్టింగ్‌కి చేరి కంప్రెసర్ దానంతట అది ఆగి, మళ్లీ మొదలవ్వాలి. లోపల నిలబడి పని చేసేముందు తలుపును లోపలి నుంచి తెరిచే నాబ్ పనిచేస్తోందని చూసుకోండి, పని చేసినంతసేపూ బయట ఒక మనిషిని ఉంచండి. ఫ్రీజర్ అయితే ఒక డిఫ్రాస్ట్ పూర్తయ్యేదాకా ఆగి, కాయిల్ వెనక మళ్లీ టార్చి వేసి, రేకుల మధ్య సందులు కనబడుతున్నాయని చూశాక సరుకు ఎక్కించండి.