ఇల్లు న్యూజెర్సీలో, పని న్యూయార్క్‌లో: ట్యాక్స్ ఫైలింగ్‌కు ముందు జాగ్రత్తలు

ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో కాపురం, మన్‌హాటన్‌లో ఉద్యోగం. ఇలాంటి వాళ్లు ఏటా ఏప్రిల్ 15 లోపు మూడు రిటర్నులు వేయాలి. ఫెడరల్‌ది ఒకటి, న్యూయార్క్‌కు నాన్ రెసిడెంట్‌గా ఐటీ-203, న్యూజెర్సీకి రెసిడెంట్‌గా ఎన్‌జే-1040. న్యూయార్క్ తన గడ్డ మీద చేసిన పనికి పన్ను వేస్తుంది. న్యూజెర్సీ మాత్రం ఎక్కడ సంపాదించినా మొత్తం ఆదాయం మీద వేసి, అందులోంచి న్యూయార్క్ పన్నుకు క్రెడిట్ (ఆ మేరకు పన్నులో తగ్గింపు) ఇస్తుంది. ఒకే జీతానికి రెండుసార్లు కట్టకుండా కాపాడేది ఆ క్రెడిటే. దాన్ని మనమే లెక్కగట్టి అడగాలి, దానంతటది రాదు.

అందుకే ముందు న్యూయార్క్ రిటర్ను పూర్తిచేసి, తర్వాతే న్యూజెర్సీది మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్నా ఇదే వరస. తిరగేస్తే క్రెడిట్ సున్నా అయినా రావచ్చు, తప్పుడు అంకె అయినా రావచ్చు.

క్రెడిట్ అడిగే కాగితం ఎన్‌జే-సీఓజే షెడ్యూల్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. డబ్ల్యూ-2లో (ఎంప్లాయర్ ఏటా ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) 17వ బాక్సులో న్యూయార్క్‌కు కోసిన మొత్తం కనిపిస్తుంది కదా అని దాన్నే రాసేస్తారు. అది అడ్వాన్సుగా పట్టుకున్న డబ్బు మాత్రమే, పన్ను కాదు. షెడ్యూల్‌లో రాయాల్సింది ఐటీ-203లో తేలిన అసలు పన్ను. ఉదాహరణకు 7,000 డాలర్లు కోసి, పన్ను 5,300 తేలి, 1,700 రిఫండ్ వచ్చిందనుకోండి. రాయాల్సింది 5,300. న్యూజెర్సీ తర్వాత ఉత్తరం పంపి న్యూయార్క్ రిటర్ను కాపీ అడిగితే తేడా వెంటనే బయటపడుతుంది, వడ్డీతో కట్టించుకుంటారు. ఆ కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి.

5,300 రాసినా అంతా రాకపోవచ్చు. మొత్తం ఆదాయంలో న్యూయార్క్ పన్ను వేసిన భాగం ఎంత శాతమో, న్యూజెర్సీ పన్నులో అంత శాతమే గరిష్ఠ క్రెడిట్. న్యూయార్క్ వాటా 87 శాతం, న్యూజెర్సీ పన్ను 5,500 అయితే వచ్చేది సుమారు 4,785 డాలర్లే. మిగిలిన తేడా తిరిగి రాదు.

ఆ శాతం ఎలా వస్తుందో జాగ్రత్తగా చూడాలి. ఐటీ-203కు జతచేసే ఐటీ-203-బీలో పనిదినాల లెక్క ఉంటుంది. ఏడాది 365 రోజుల్లో శని, ఆదివారాలు 104, పండగ సెలవులు 11, వెకేషన్ 15, సిక్ లీవు 5 తీసేస్తే 230 పనిదినాలు. కంపెనీ పంపగా డాలస్‌లో క్లయింటు దగ్గర 30 రోజులు పనిచేస్తే అవి న్యూయార్క్ రోజులు కావు. మిగిలినవి 200. జీతం 1,20,000 డాలర్లయితే న్యూయార్క్ భాగం 1,04,348.

మరి ఇంటి నుంచి పనిచేసిన రోజులో? ఆఫీసు న్యూయార్క్‌లో ఉండి, మీ వీలు కోసం ఎడిసన్ ఇంట్లో కూర్చుని పనిచేస్తే న్యూయార్క్ వాటిని కూడా తన రోజులుగానే లెక్కిస్తుంది. కంపెనీ అవసరం కొద్దీ అక్కడే చేయాల్సి వచ్చిందని నిరూపిస్తే తప్ప మినహాయింపు లేదు, అలా నిరూపించడం చాలా కష్టం. పై లెక్కలో 90 రోజులు ఇంటి నుంచి చేసినవి అనుకుని తీసేస్తే న్యూయార్క్ జీతం 57,391కి పడిపోతుంది. రిఫండ్ బాగా వస్తుంది, రెండేళ్ల తర్వాత ఆడిట్ ఉత్తరం కూడా వస్తుంది. రోజుల లెక్క ఏడాది పొడుగునా క్యాలెండర్‌లో రాసుకోండి. బ్యాడ్జి స్వైప్ రికార్డులు, ప్రయాణ టికెట్లు, హోటల్ బిల్లులు జతచేసి పెట్టుకోండి. ఏడాది చివర గుర్తు తెచ్చుకుని రాసిన లెక్క ఆడిట్‌లో నిలబడదు.

కన్సల్టెంట్ల సంగతి ఇంకొంచెం చిక్కు. మనవాళ్లలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. ఎంప్లాయర్ ఆఫీసు న్యూజెర్సీలో, క్లయింటు మన్‌హాటన్‌లో. పేరోల్ వాళ్లు న్యూజెర్సీ పన్నొక్కటే కోస్తారు, డబ్ల్యూ-2లో న్యూయార్క్ పేరే కనిపించదు. అయినా క్లయింటు దగ్గర కూర్చుని పనిచేసిన రోజుల జీతం న్యూయార్క్ ఆదాయమే. 14 రోజులు దాటకపోతే పన్ను కోయనక్కర్లేదన్న వెసులుబాటు ఎంప్లాయర్‌కే గాని మీకు కాదు. ఇలాంటప్పుడు న్యూయార్క్‌కు చేతి నుంచి కట్టి, క్రెడిట్‌తో న్యూజెర్సీ నుంచి రిఫండ్ తెచ్చుకోవాలి. ఆ రిఫండ్ వచ్చేదాకా డబ్బు సర్దుబాటు చేసుకోవాలి కాబట్టి జనవరిలోనే లెక్క చూసుకోండి. ప్రాజెక్టు సాగుతుంటే ఎంప్లాయర్‌కు ఐటీ-2104.1 (న్యూయార్క్ పని వాటా తెలిపే ఫారం) ఇచ్చి ఈ ఏడాది నుంచైనా న్యూయార్క్‌కు కోయించండి. అయితే ఇక్కడ ఇంటి నుంచి పనిచేసిన రోజులు న్యూజెర్సీవే, ఎందుకంటే మీ ఆఫీసు అక్కడే.

డబ్ల్యూ-2లో 16వ బాక్సు కూడా చాలామందిని కంగారు పెడుతుంది. న్యూయార్క్ వరసలో పూర్తి జీతం, న్యూజెర్సీ వరసలో ఇంకాస్త ఎక్కువ ఉండి, రెండూ కలిపితే జీతం రెట్టింపైనట్టు అనిపిస్తుంది. తప్పు కాదు, అంకెలు దిద్దకండి. న్యూయార్క్‌కు పూర్తి జీతం చూపించడం నియమం, విభజన ఐటీ-203-బీలో చేస్తారు. ప్రీ-ట్యాక్స్‌గా కోసిన హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) డబ్బు న్యూజెర్సీ మినహాయించదు, కనుక అక్కడి అంకె పెద్దది. న్యూజెర్సీ వరసే లేకపోతే ఆ రెండూ మీరే కలిపి రాయాలి.

అద్దెకుండే వాళ్లు ఒకటి వదిలేస్తుంటారు. కట్టిన అద్దెలో 18 శాతాన్ని ప్రాపర్టీ ట్యాక్స్‌గా చూపి న్యూజెర్సీలో డిడక్షన్ (పన్ను పడే ఆదాయంలో తగ్గింపు) తీసుకోవచ్చు, లేదంటే 50 డాలర్ల క్రెడిట్. న్యూయార్క్ క్రెడిట్‌తోనే న్యూజెర్సీ పన్ను మొత్తం పోతుంటే డిడక్షన్ వల్ల లాభం లేదు, 50 డాలర్లు తీసుకోవడమే మేలు. రెండు రకాలుగానూ లెక్క వేసి చూడండి.

భార్యాభర్తల్లో ఒకరు న్యూయార్క్‌లో, ఇంకొకరు న్యూజెర్సీలోనే పనిచేస్తూ ఫెడరల్‌కు జాయింటుగా వేస్తే, ఇద్దరూ న్యూజెర్సీ నివాసులే కాబట్టి న్యూయార్క్‌కూ జాయింటే. అక్కడ ముందు ఇద్దరి ఆదాయం మీద పన్ను లెక్కగట్టి, అందులో న్యూయార్క్ ఆదాయపు శాతం తీసుకుంటారు. న్యూజెర్సీ జీతం మీద న్యూయార్క్ పన్ను వేయకపోయినా, దాని వల్ల రేటు మాత్రం పెరుగుతుంది. పేరోల్‌కు ఇది తెలియదు కాబట్టి చివర్లో కట్టాల్సిన బాకీ తేలుతుంది.

పెన్సిల్వేనియాలో పనిచేసే న్యూజెర్సీ వాళ్లకు ఇంత బాధ లేదు. రెండు రాష్ట్రాల ఒప్పందం ప్రకారం జీతం మీద ఉంటున్న రాష్ట్రానికే పన్ను. ఎంప్లాయర్‌కు ఆర్‌ఈవీ-419 (పెన్సిల్వేనియా పన్ను కోయొద్దని చెప్పే ఫారం) ఇస్తే సరిపోతుంది. ఫిలడెల్ఫియా నగరం వేసే వేజ్ ట్యాక్స్ మాత్రం ఒప్పందంలో లేదు, అది కోస్తారు. దానికి న్యూజెర్సీలో క్రెడిట్ అడగండి.

ఇండియాలో ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసులు ఇండియా ఆదాయం ఉంచుకునే ఖాతా) డిపాజిట్ వడ్డీ మీద కోసిన టీడీఎస్‌కు ఫెడరల్‌లో క్రెడిట్ దొరుకుతుంది గాని న్యూజెర్సీలో దొరకదు. అక్కడి క్రెడిట్ అమెరికా రాష్ట్రాలకూ వాటి నగరాలకూ కట్టినదానికే. ఆ వడ్డీని మాత్రం ఎన్‌జే-1040లో చూపాల్సిందే.

న్యూయార్క్ రిటర్ను అసలు వేయకుండా వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. వేయని ఏడాదికి గడువు తీరిపోవడమంటూ ఉండదు, ఎన్నేళ్ల తర్వాతైనా బిల్లు పంపగలరు. న్యూజెర్సీ రిఫండ్ అడగడానికి మాత్రం మామూలుగా మూడేళ్లే. ఆ గడువు దాటాక న్యూయార్క్ బిల్లు వస్తే, న్యూజెర్సీకి అప్పటికే కట్టిన పన్ను వెనక్కి రాబట్టడం చాలా కష్టం. పాత సంవత్సరాలేమైనా వదిలేసి ఉంటే, మూడేళ్ల గడువు ముందు తీరిపోయే సంవత్సరంతో మొదలుపెట్టి న్యూయార్క్ రిటర్ను వేసి, వెంటనే న్యూజెర్సీది సవరించండి.