కీమో రోజుల్లో కూచిపూడి ఎలా సాధన చేశానంటే

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత, కీమో నడుస్తున్నప్పుడు కూడా నేను నాట్యం వదల్లేదు. మీరూ వదలక్కర్లేదు. ముందు మీ డాక్టర్‌ని అడగండి. జ్వరం ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా ఆ రోజు అడుగులు వద్దు.

కీమో ఎక్కించిన మొదటి నాలుగు రోజులు మంచం మీదే కూర్చుని హస్తాలు, అంటే చేతి ముద్రలు పట్టేదాన్ని. పతాకం, త్రిపతాకం, అర్ధపతాకం... అభినయదర్పణం అనే నాట్య గ్రంథం చెప్పిన అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేత్తో పట్టే ముద్రలు, 28. శ్లోకం చెప్పుకుంటూ ఒక్కో వేలూ నిదానంగా వంచండి. వికారంగా ఉంటే దృష్టి భేదాలు, అంటే కళ్లు తిప్పే సాధన మాత్రం వద్దు, తల తిరుగుతుంది.

ఓపిక వచ్చాక కుర్చీలో కూర్చుని తాళానికి పాదం తట్టండి. కొన్ని కీమో మందులకు అరికాళ్లు మొద్దుబారతాయి. నాకూ అంతే, అందుకే గజ్జెలు పక్కన పెట్టి, గోడ పట్టుకుని, జారని నేల మీద చేశాను. ఆపరేషన్ వైపు చెయ్యి ఫిజియోథెరపిస్ట్ చెప్పినంతే ఎత్తండి.

మన విశాఖ ఉక్కపోత తెలిసిందే కదా. పొద్దున్న ఆరింటికి, సముద్రం వైపు కిటికీ తెరిచి, పది నిమిషాలు చాలు. పక్కన మంచినీళ్లు ఉంచుకోండి.

కూచిపూడిలో సత్యభామ పాత్రకు జడే అందం. జుట్టు రాలిన తలతో అద్దం ముందు ఆ పాత్ర అభినయించిన రోజు ఏడ్చేశాను. అమ్మ తాళం ఆపలేదు, నేనూ ఆపలేదు.