ఇంగ్లీష్‌లో బోల్ట్ అనే మాట దగ్గర అర్థం తేడా కొడుతోందా? ఇలా చూడండి

బోల్ట్ అనగానే మనకి నట్టూ బోల్టే గుర్తొస్తాయి, అక్కడే చిక్కు మొదలు. కథో వార్తో చదువుతుంటే ఆ మాట తగులుతుంది, వాక్యం అడ్డం తిరుగుతుంది, డిక్షనరీ తీస్తే పది అర్థాలు, ఏది పెట్టుకోవాలో తెలీదు. ఆ పదింటినీ విడివిడిగా బట్టీ పట్టకండి. పాత ఇంగ్లీష్‌లో బోల్ట్ అంటే బాణం, పొట్టిగా లావుగా మొద్దు మొనతో ఉండే రకం. ఆ బాణాన్ని కళ్ళ ముందు పెట్టుకుంటే చాలా ముళ్ళు వాటంతటవే విడిపోతాయి.

సమస్య: "ద హార్స్ బోల్టెడ్" అన్నారు, గుర్రానికి బోల్ట్ బిగించారా?

కారణం: ఇక్కడది క్రియ, బెదిరిపోయి బాణంలా దూసుకుపోయింది అని. పరిష్కారం ఏంటంటే ఆ మాట తర్వాత ఏముందో చూడండి, ఏమీ లేకపోతే పరుగు, తలుపు ఉంటే గడియ పెట్టడం, తిండి ఉంటే నమలకుండా గబగబా మింగేయడం. గుర్రం పారిపోయాక సాల తలుపు మూయడం అని వాళ్ళకో సామెత ఉంది, అందులో బోల్టెడ్ అన్నది గుర్రాన్ని, కానీ పక్కనే తలుపు కూడా ఉంటుంది కాబట్టి చాలామంది గడియ అనుకుని పొరబడతారు. మన భాషలో చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని రాస్తే సరిపోతుంది.

సమస్య: తోటపని పుస్తకంలో పాలకూర బోల్ట్ అవుతుంది అని ఉంది.

ఎండలు ముదిరి పగటి పొద్దు పెరిగితే ఆకుకూర ఆకులెయ్యడం తగ్గించి మధ్యలోంచి కాడ పైకి తన్నుతుంది, అదే బోల్టింగ్, లెట్యూస్ అయితే ఆకు చేదెక్కుతుంది కూడా. "ముందే పూతకొచ్చేసింది" అని రాయండి, మొలకెత్తింది అని మాత్రం రాయకండి, అది పూర్తిగా వేరే దశ.

సమస్య: "ఎ బోల్ట్ ఆఫ్ సిల్క్".

దీని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, పట్టు కట్ట అని రాసి కొట్టేసి మళ్ళీ రాశాను, తీరా చూస్తే మనకి చక్కటి మాట ఉంది, తాను! పొడుగ్గా చుట్టిన గుడ్డ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరది. పరిష్కారం సులువు, ఆఫ్ తర్వాత గుడ్డ పేరుంటే తాను, లైట్నింగ్ ఉంటే పిడుగు. ఫ్రమ్ ద బ్లూ అని ఉంటే మబ్బులేని ఆకాశంలోంచి పిడుగు పడ్డట్టు, అంటే అస్సలు ఊహించనిది. బోల్ట్ అప్‌రైట్ అంటే బాణంలా నిటారుగా.

సమస్య: ఎం8 బోల్ట్ అన్నారు కదా అని 8 నంబర్ స్పానర్ తెస్తే పట్టట్లేదు.

ఆ 8 అనేది మరలున్న కాడ వ్యాసం, మిల్లీమీటర్లలో. తల దానికంటే పెద్దది, మామూలుగా 13 స్పానర్ పడుతుంది.

ఆటల వార్తల్లో అయితే మనిషి పేరు కూడా కావొచ్చు, 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్. ఇంగ్లీష్‌లో పెద్ద అక్షరం చూస్తే తెలిసిపోతుంది, కానీ వీడియో సబ్‌టైటిల్స్‌లో ఒక్కోసారి అన్నీ చిన్న అక్షరాలే వస్తాయి, అప్పుడు ముందూ వెనకా వాక్యాలు చదవాల్సిందే.

బాణం పనిచెయ్యని చోటు ఒకటుంది. పాత వంటల పుస్తకాల్లో బోల్టెడ్ ఫ్లోర్ అని కనిపిస్తే అది జల్లించిన పిండి, ఆ మాట పాత ఫ్రెంచ్ నుంచి వేరే దారిలో వచ్చి ఒకే స్పెల్లింగ్‌లో కలిసిపోయింది. పక్కన పిండి కనిపిస్తే బాణం వదిలేసి జల్లెడ పట్టుకోండి.