‘మీ వీక్‌నెస్ ఏంటి?’ ప్లేస్‌మెంట్ల సీజన్‌కు ముందు కొన్ని జాగ్రత్తలు

వానలు మొదలవడం, ఫైనలియర్ పిల్లలు ఇస్త్రీ చొక్కాల కోసం వెతుక్కోవడం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో దాదాపు ఒకేసారి జరుగుతాయి. ఆప్టిట్యూడ్ టెస్ట్ కోసం నెలల తరబడి చదువుతారు. కోడింగ్ కోసం ఏడాది ప్రాక్టీసు చేస్తారు. హెచ్‌ఆర్ రౌండ్‌కు మాత్రం ముందు రోజు రాత్రి హాస్టల్లో సీనియర్ పంపిన పీడీఎఫ్ ఒకసారి తిరగేసి వచ్చేస్తారు. అందులో ‘మీ వీక్‌నెస్ ఏంటి’ అనే ప్రశ్న తప్పకుండా ఉంటుంది. జవాబు కూడా కిందే ఉంటుంది. చిక్కల్లా ఆ జవాబుతోనే.

ఒక పూల్ డ్రైవ్‌లో, అంటే చాలా కాలేజీల పిల్లలకు కలిపి ఒకేచోట జరిగే ఎంపికలో, ప్యానెల్లో కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు ఇరవై మూడు మందిని చూశాం. వాళ్లలో తొమ్మిది మంది "ఐ యామ్ ఏ పర్‌ఫెక్షనిస్ట్ సర్" అన్నారు. తర్వాత వచ్చిన అబ్బాయి నోరు తెరవబోతుంటే నా పక్కనున్న మేడమ్ "నువ్వూ పర్‌ఫెక్షనిస్టువేనా బాబూ?" అని అడిగేశారు. అవునన్నాడు. చేతిలో ఉన్న రెజ్యూమేలో వాడి కాలేజీ పేరే తప్పుగా టైపు చేసి ఉంది. అప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాం గానీ, తర్వాత బాధేసింది. ఆ మాట వాడిది కాదు, ఎవరో చేతిలో పెట్టి పంపించారు.

ఇంకో తమాషా, మన తెలుగులో ‘వీక్‌నెస్’కు ఉన్న అర్థం వేరు. "వాడికి పేకాట వీక్‌నెస్", "బిర్యానీ అంటే నాకు వీక్‌నెస్" అంటాం. అంటే కనిపిస్తే ఆగలేనిది అని. ఆ అర్థం మనసులో ఉండబట్టే కొందరు "మా అమ్మే నా వీక్‌నెస్ సర్" అంటారు, "క్రికెట్" అంటారు. ఇంకొందరు దీన్ని చర్చిలో పాపాలు ఒప్పుకున్నట్టు తీసుకుని కోపం, బద్ధకం, మతిమరుపు అన్నీ ఏకరువు పెడతారు. ప్యానెల్ అడుగుతున్నది ఈ రెండూ కాదు. పని చేసేటప్పుడు మీరు ఎక్కడ తడబడతారో మీకు తెలుసా, తెలిస్తే ఏం చేస్తున్నారు, ఎవరైనా తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకుంటారా, ఇవే చూస్తారు. రేపు టీమ్‌లో చేరాక మీ కోడ్‌లో తప్పు పట్టేది ఆ కుర్చీలో ఉన్న మనిషో, అలాంటి మనిషో.

కాబట్టి మొదటి జాగ్రత్త డ్రైవ్‌కు రెండు వారాల ముందే మొదలవ్వాలి. మన లోపం మనకు కనిపించదు, పక్కవాళ్లకు బాగా కనిపిస్తుంది. మినీ ప్రాజెక్టులో మీతో పనిచేసినవాళ్లను అడగండి. ప్రాణ స్నేహితుణ్ణి వద్దు, మొహమాటానికి పోతాడు. మీతో ఒకటి రెండుసార్లు గొడవపడ్డవాడైతే ఇంకా మంచిది. "నాతో పని చేస్తే నీకు ఎక్కడ విసుగొచ్చింది?" అని అడిగి, మధ్యలో అడ్డం పడకుండా వినండి. అది కష్టం, నిజమే. ఇంట్లో అమ్మనూ అడగండి. "పది సార్లు పిలిచినా పలకవు, ఫోన్లోంచి తల ఎత్తవు" అంటే అది కూడా సమాచారమే: ఒక పనిలో మునిగితే రెండో పని పట్టదన్నమాట. ఇలా వచ్చినవాటిలో మూడు కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు ఏరివేత. చేరబోయే ఉద్యోగానికి ఏది వెన్నెముకో దాన్నే లోపంగా చెప్పకూడదు. టెస్టింగ్ ఉద్యోగానికి వచ్చి "చిన్న చిన్న విషయాలు పట్టించుకోను" అన్నా, అమ్మకాల ఉద్యోగానికి వచ్చి "కొత్తవాళ్లతో మాట్లాడాలంటే భయం" అన్నా కథ అక్కడితో కంచికే. బ్యాంకు పీవో బోర్డు ముందు "లెక్కలంటే టెన్షన్" కూడా అంతే. మన పిల్లలు తెలియక చెప్పే మాట ఇంకోటుంది: "ఐ ఫీల్ హోమ్‌సిక్." ఆ మాటలో ఏముందిలే అనుకుంటారు. కానీ ఫ్రెషర్లకు మొదటి పోస్టింగ్ పుణెలోనో చెన్నైలోనో పడొచ్చు. ఇన్ఫోసిస్ లాంటి చోట ట్రైనింగే మైసూరులో. వీడు మూడో వారానికే పెట్టె సర్దుకుని గుంటూరు రైలెక్కేస్తాడేమోనన్న అనుమానం వాళ్లకు ఆ ఒక్క మాటతో వచ్చేస్తుంది. నిజంగానే ఊరు విడిచి వెళ్లలేని పరిస్థితి ఉంటే అది దాచమని కాదు. రిలొకేషన్ గురించి, షిఫ్టుల గురించి విడిగా అడుగుతారు, అక్కడ సూటిగా చెప్పాలి.

పొగడ్తకు ముసుగేసి లోపమనడం ఇంకో గొయ్యి. "ఎక్కువ కష్టపడతాను", "ఎవరికీ నో చెప్పలేను", "పని పూర్తయ్యేదాకా నిద్రపోను"... ఇవి విన్నప్పుడు ప్యానెల్ ఏమీ అనదు, తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. బాగా చెప్పానని మీరు అనుకుంటారు. ఈమధ్య ఏఐని అడిగి తెచ్చుకునే జవాబులు కూడా ఈ కోవలోకే చేరాయి. ఇంకా ఉద్యోగంలోనే చేరని కుర్రాడు "పని ఇతరులకు అప్పగించలేకపోవడం నా బలహీనత" అన్నాడు. నీ కింద ఎవరున్నారు నాయనా అప్పగించడానికి!

మరి ఎలా చెప్పాలి? ఒక అమ్మాయి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంగ్లిష్‌లోనే చెప్పింది, తడుముకుంటూ. సారాంశం ఇది.

"నేను సాయం అడగడానికి మొహమాటపడతాను సర్. మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టులో డేటాబేస్ కనెక్ట్ కాలేదు. మూడు రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను. చివరికి మా బ్యాచ్ అబ్బాయి వచ్చి ఐదు నిమిషాల్లో చెప్పాడు. నా ల్యాప్‌టాప్‌లో మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అంతకుముందే ఒకటి ఉంది, అది 3306 పోర్టు (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి చేరుకునే దారి నంబరు) పట్టుకుని కూర్చుంది. జాంప్ (XAMPP) అనే ప్యాకేజీతో కొత్తగా వేసిన మై ఎస్‌క్యూఎల్ 3307 మీద నడుస్తోంది. నా కోడ్ మాత్రం 3306నే వెతుకుతోంది. ఆ మూడు రోజులూ మా టీమ్ మొత్తం నా కోసం ఆగిపోయింది. అప్పటి నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. రెండు గంటలు ప్రయత్నిస్తాను. కుదరకపోతే ఏమేం చేసి చూశానో రాసుకుని వెళ్లి అడుగుతాను. మొహమాటం పూర్తిగా పోలేదు, కానీ మేజర్ ప్రాజెక్టులో ఎక్కడా రోజు దాటి ఆగలేదు."

నిమిషం కూడా పట్టలేదు. ఇందులో లోపం నిజమైనదే, దానివల్ల నష్టం కూడా జరిగింది. ఆ నష్టం తనకే కాదు, టీమ్‌కూ జరిగిందని ఆ అమ్మాయి గుర్తించింది. ఇప్పుడు చేస్తున్నది చూడటానికి చిన్న పనే, కానీ రోజూ చేయగలిగేది. అన్నిటికన్నా "పూర్తిగా పోలేదు" అన్న మాట నాకు నచ్చింది. లోపం ఉండేదనీ, దాన్ని జయించేశాననీ చెప్పేవాళ్లను నమ్మడం కష్టం. జయించేస్తే అడిగినదానికి జవాబు ఇంకా బాకీయే కదా. పోర్టు నంబరుదీ అంతే. అలాంటి వివరం కల్పించి చెప్పడం కష్టం, కాబట్టి వినేవాళ్లకు వెంటనే నమ్మకం కుదురుతుంది. మీ కథలోనూ అలాంటి గట్టి వివరం ఒకటి ఉండేలా చూసుకోండి.

జవాబు ఒకటి సిద్ధం చేసుకుని ఊరుకోవద్దు. అసలు పరీక్ష దాని తర్వాత వచ్చే ప్రశ్నలో ఉంటుంది. "సరే, ఇంకొకటి చెప్పండి" అంటారు. "మీ రూమ్మేట్‌ను అడిగితే ఏమంటాడు?" అంటారు. "ఈ నెలలో మళ్లీ ఎప్పుడు జరిగింది?" అంటారు. బట్టీ పట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. అందుకని రెండోది కూడా చేతిలో ఉంచుకోండి, మూడోది వద్దు. చెప్పడం అయ్యాక ఆపేయడం కూడా ఒక విద్యే. ప్యానెల్లో ఉన్నవాళ్లు కాసేపు మౌనంగా ఉంటే మీ జవాబు నచ్చలేదని కాదు, రాసుకుంటున్నారు. ఆ మౌనం భరించలేక "అంటే... కొంచెం కోపం కూడా ఎక్కువే సర్" అని కలిపినవాళ్లను నేను చాలామందిని చూశాను. అడగనిది ఎందుకు నాయనా!

ఇంగ్లిష్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది లోపమనగానే మొదట దీన్నే బయటపెడతారు. కొందరైతే కుర్చీలో కూర్చోకముందే "సారీ సర్, మై ఇంగ్లిష్ ఈజ్ వీక్" అంటారు. ఆ క్షమాపణ అక్కర్లేదు. మీ ఇంగ్లిష్ ఎలా ఉందో రెండు నిమిషాల్లో వాళ్లకే వినిపిస్తుంది. ముందే చెబితే ఆ తర్వాత మీరు చేసే ప్రతి చిన్న తప్పూ పెద్దగా కనిపిస్తుంది. పదో తరగతి దాకా తెలుగులో చదివానని చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అడిగితే గర్వంగానే చెప్పండి. దీన్నే లోపంగా చెప్పదలిస్తే మాత్రం దాని పక్కన పని కనిపించాలి. ‘రోజూ ఇంగ్లిష్ పేపర్ చదువుతున్నాను’ అనే జవాబు నమ్మరు, "నిన్న ఏం చదివావు?" అని వెంటనే అడుగుతారు. ప్రతి సోమవారం క్లాసులో ఐదు నిమిషాలు ప్రెజెంటేషన్ ఇస్తున్నానని, నిజంగా ఇస్తూ ఉంటే, చెప్పొచ్చు. మాట దొరకనప్పుడు చిన్న వాక్యాల్లో నెమ్మదిగా చెప్పండి. యాస అరువు తెచ్చుకోవద్దు.

ఇక మెమోల మీద కనిపించే లోపాలు. బ్యాక్‌లాగ్, డిటెయిన్ అయిన ఏడాది, ఇంటర్ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పోయిన ఏడాది, అరవై శాతం దగ్గర ఊగుతున్న మార్కులు... ఇవి వాళ్ల ముందే కాగితం మీద ఉంటాయి. అడిగితే ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకెళ్లాలి: "ఎం3 (మూడో మ్యాథ్స్ పేపర్) పోయింది సర్, సప్లీలో పాసయ్యాను, అప్పటి నుంచి ఏ సబ్జెక్టూ పోలేదు." వాల్యుయేషన్ సరిగ్గా చేయలేదనీ, లెక్చరర్ చెప్పలేదనీ మొదలుపెట్టారో, రేపు మేనేజరు మీద కూడా ఇలాగే చెబుతారని వాళ్లకు అర్థమైపోతుంది. దాచడం మరీ ప్రమాదం. సర్టిఫికెట్లు చేరేటప్పుడు ఎలాగూ చూస్తారు. రెండు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించే దుకాణాల వైపు అసలు వెళ్లొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో యూఏఎన్ (ప్రతి ఉద్యోగికీ పీఎఫ్ కోసం ఇచ్చే నంబరు) ద్వారా పీఎఫ్ రికార్డు చూస్తారు. ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో అందులో తెలిసిపోతుంది. చేరిన ఆరు నెలలకు తీసేస్తే, ఆ మచ్చ మాపుకోవడం ఒక బ్యాక్‌లాగ్ దాటడం కన్నా కష్టం.

కొన్ని చెప్పనే అక్కర్లేదు. ఇంటి అప్పులు, నాన్న ఆరోగ్యం, ప్రేమ విఫలమవడం, మీరు వాడే మందులు, ఇవేవీ ఆ ప్రశ్నకు జవాబులు కావు. సానుభూతి మీద ఉద్యోగం రాదు. వచ్చిందనుకున్నా ఆ గదిలో చెప్పింది ఆ గదిలోనే ఉంటుందన్న పూచీ లేదు. వైకల్యం ఉన్నవాళ్లు దాన్ని బలహీనత కింద ఎప్పుడూ చెప్పకండి, అది ఆ ఖాతాలోది కాదు. పనికి ఏదైనా సౌకర్యం కావాలంటే హెచ్‌ఆర్‌ను విడిగా అడగండి. ఆడపిల్లలను "పెళ్లయ్యాక మానేస్తారా?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. అడగకూడని ప్రశ్న అది. దానికి నొచ్చుకుని సంజాయిషీలు చెప్పొద్దు. "ఈ రంగంలోనే స్థిరపడాలని వచ్చాను సర్" అని ఆపేస్తే చాలు.

సర్కారు కొలువుల కోసం చదువుతున్నవాళ్లకు రెండు మాటలు. కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే లేవు, కాబట్టి మీకు ఈ గొడవ లేదు. సివిల్స్‌లో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే. అక్కడ వీక్‌నెస్ ఏంటని మొహం మీద అడగడం తక్కువ, మీరు నింపిన డీఏఎఫ్ (వివరాల దరఖాస్తు ఫారం)లోంచే లాగుతారు. హాబీ కాలమ్‌లో గొప్పకు రాసినదే అక్కడ మీ బలహీనత అవుతుంది.

చివరి రెండు రోజుల్లో జవాబును వాక్యాలుగా రాసి బట్టీ పట్టకండి, మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు. ఆ అమ్మాయికైతే మొహమాటం, పోర్టు, రెండు గంటలు. ఫోన్లో రికార్డు చేసి వినండి. మొదటిసారి వింటే ఎవరి గొంతు వాళ్లకే నచ్చదు, అయినా వినండి. నిమిషంన్నర దాటితే కోసేయాలి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే పక్క స్క్రీన్ మీద జవాబు పెట్టుకుని చదవొద్దు. కళ్లు ఎడమ నుంచి కుడికి నడవడం మాకు బాగానే కనిపిస్తుంది, కళ్లజోడున్నవాళ్లకైతే అద్దాల్లో ఆ తెల్లటి పేజీ కూడా మెరుస్తుంది. అక్కడికెళ్లాక అంతా మర్చిపోయారనుకోండి, "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను సర్" అని అడగండి. అలా అడిగిన పిల్లల మీద నాకెప్పుడూ చిన్నచూపు కలగలేదు.

లోపలి నుంచి రాగానే వరండాలో వరుస కట్టినవాళ్లు చుట్టుముట్టి "ఏం అడిగారు, ఏం చెప్పావు?" అంటారు. ఏం అడిగారో చెప్పండి. మీరు చెప్పిన కథ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, లేకపోతే సాయంత్రానికి అదే ల్యాప్‌టాప్, అదే మూడు రోజులు ఇంకో పదిమంది నోట వస్తాయి. పైన రాసిన 3307 కథ కూడా ఎవరూ వాడొద్దు. ఈ సీజన్‌లో నేనూ రెండు మూడు ప్యానెళ్లలో కూర్చుంటున్నాను.