విభూది బుధవారం రాకముందే సర్దుకోవాల్సినవి

ఈస్టరుకు ముందు మన కతోలికులం పాటించే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యేది నుదుట బూడిదతో సిలువ వేయించుకునే విభూది బుధవారమే అయినా, దానికి సిద్ధపడాల్సింది ముందు వారంలో. మన విచారణల్లో (పారిష్‌ల్లో) చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. మంగళవారం రాత్రి పీకల దాకా బిర్యానీ, బుధవారం పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం, గురువారానికి మంచం. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఇదే జరుగుతోంది. పదేళ్లుగా గుళ్లో విభూది తయారీకి సాయం చేస్తున్నదాన్ని కాబట్టి చూసినవి, తెలిసినవి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు తాగుడు మానే వాళ్ల గురించి. దీని గురించి గుళ్లో ఎవరూ చెప్పరు, కానీ ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే. మా బాబాయ్ ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు. ఒక విభూది బుధవారం నాడు నుదుట సిలువతో ఇంటికొచ్చి, "ఈ నలభై రోజులూ చుక్క ముట్టను" అని పిన్ని చేతిలో చెయ్యేసి చెప్పాడు. పిన్ని సంతోషంతో ఏడ్చింది. ఆ సాయంత్రం జపమాల చెప్పడానికి కూర్చుంటే బాబాయ్ చేతులు వణుకుతున్నాయి. పూసలు కుర్చీ చెక్కకు తగిలి టకటకమంటున్నాయి. ఒళ్లంతా చెమట. ఉపవాసం నీరసం అనుకున్నాం. గురువారం తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి మంచం మీదనుంచి కింద పడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో మూడో రోజుకి మతి తప్పి, లేని మనుషులు కనబడి, ప్రాణమే పోవచ్చు. కాబట్టి మీ ఇంట్లో అలాంటి వారుంటే ఆ మంచి నిర్ణయాన్ని ఆపకండి. కాకపోతే విభూదికి పది రోజుల ముందే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వాళ్లు మందులిచ్చి, మెల్లగా, ప్రమాదం లేకుండా మాన్పిస్తారు. బాబాయ్ కూడా ఆ తర్వాత అలాగే మానేశాడు. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అది తపస్సు కష్టమని సరిపెట్టుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఉపవాసం. తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, అడిగేది మనలో చాలామంది అనుకునేంత కఠినంగా లేదు. ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు రెండే: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). అది 18 ఏళ్లు నిండిన వాళ్లకు, 59 నిండే వరకు. మాంసం మానడం 14 నిండిన దగ్గర్నుంచి. ఒక పూట కడుపునిండా భోజనం. పొద్దున, సాయంత్రం కాస్త ఏదైనా తినడాన్ని 1966లో ఆరవ పౌలు పోపుగారు ఇచ్చిన నియమమే కాదనలేదు. నీళ్లు తాగకూడదని ఎక్కడా లేదు. పూజలో తీసుకునే దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమంలో కూడా నీళ్లకూ మందులకూ మినహాయింపు ఉంది. ఈ మాట మా అమ్మకు ఒప్పించడానికి నాకు మూడేళ్లు పట్టింది. షుగర్ మాత్ర వేసుకుని ఒక్కపొద్దు ఉండేది! మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోవచ్చు. మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం పెట్టుకోవద్దు, సొంతంగా మాత్ర మానేయనూ వద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. ఉపవాసం చెడుతుందని ఆగకూడదు. జబ్బు చేసినవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం ఉండక్కర్లేదు. వాళ్లు ప్రార్థనతోనో, దానంతోనో తపస్సు చేయవచ్చు. అది తక్కువ తపస్సేమీ కాదు.

గుంటూరు, పల్నాడు వైపు వాళ్లకు ఇంకో చిక్కుంది. మిరప కోతలు సరిగ్గా అప్పుడే నడుస్తుంటాయి. ఎండలో వంగి కాయ కోసే ఆడవాళ్లు ఖాళీ కడుపుతో చేనులోకి వెళ్లడం నాకు చాలా భయం. ఒళ్లు వంచి పనిచేసే వాళ్లను తిరుసభ ఎప్పుడూ సడలింపుతోనే చూసింది. ఒక్క మాట మీ విచారణ గురువుగారిని (ఫాదర్‌ని) అడగండి, లేదనరు. ముఠా మేస్త్రీకి కూడా ముందే చెప్పి, మజ్జిగో రాగి జావో తాగేందుకు కాసేపు వీలు చూసుకోండి.

2027లో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ ఏడు విభూది బుధవారం ఫిబ్రవరి 10న పడుతోంది, అంటే గుణదల మాత తిరునాళ్ల మధ్య రోజున. 2016లో కూడా ఇలాగే వచ్చింది. పిల్లాపాపలతో విజయవాడ వెళ్లి, తలనీలాలిచ్చి, కొండెక్కి, అక్కడే వండుకు తినే కుటుంబాలు ఆ ఒక్క రోజుకు మాంసం లేని వంట ముందే అనుకోవాలి. ఉపవాసంతో జనంలో కొండెక్కేవాళ్లు నీళ్ల సీసా, ఒక బెల్లం ముక్క దగ్గర పెట్టుకోండి. పెద్దవాళ్లను ఒంటరిగా మెట్ల మీదకు పంపొద్దు. పవిత్ర శుక్రవారం వచ్చేసరికి ఎండ ముదురుతుంది. సిలువ మార్గం 14 స్థలాలూ చెప్పులు లేకుండా నడుస్తామనుకుంటే తెల్లవారే మొదలుపెట్టండి, మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది.

టీ, కాఫీ మానేద్దామనుకునే వాళ్లు ముందు వారంలోనే రోజుకో కప్పు తగ్గించుకుంటూ రండి. లేకపోతే బుధవారం తలనొప్పితో పూజలో కూడా కూర్చోలేరు. పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకోవడానికి, కూడా ముందు వారమే వెళితే లైన్ ఉండదు, గురువుగారితో నిదానంగా మాట్లాడొచ్చు. శుక్రవారాల్లో చేప, గుడ్డు తినొచ్చు, నియమం కాదనదు. అయితే మాంసం మానేశామని కొరమీను పులుసుతో విందు చేసుకుంటే ఇంక మానిందేమిటి? ఆ డబ్బు విడిగా తీసి గుడి పెట్టెలో వేయండి.

చివరగా విభూది. పోయిన ఏడు ఈస్టరుకు ముందు వచ్చిన మ్రానికొమ్మల ఆదివారం నాడు తెచ్చుకున్న మట్టల్ని కాల్చి చేస్తాం దీన్ని. మేం గుడి వెనక, గాలి లేని వేళ చూసుకుని, ఇనప బాణలిలో కాలుస్తాం. పక్కన నీళ్ల బకెట్, పిల్లలు దూరంగా. కాల్చే ముందు ఒక్కో మట్టా విప్పి చూడాలి. గుండుసూదులు, ప్లాస్టిక్ పువ్వులు, జరీ దారం దొరుకుతూనే ఉంటాయి. అవి కాలితే విభూది నుదుటికి పనికిరాదు. నల్లగా మిగిలిన పొరలు మళ్లీ కాల్చి, చల్లారాక, తెల్ల పంచెలో జల్లించాలి. వేళ్ల మధ్య రుద్దితే పౌడర్‌లా జారాలి, గరుకు తగలకూడదు.

అందులో నీళ్లు కలిపి ముందు రోజే నానబెట్టొద్దు. అమ్మమ్మల కాలంలో బూడిద నీళ్లతో గిన్నెలు తోమేవారు, బట్టలు ఉతికేవారు గుర్తుందా? బూడిద తడిస్తే క్షారం దిగుతుంది, చర్మాన్ని కాలుస్తుంది. అలా నుదురు బొబ్బలెక్కిన సంఘటనలు బయటి దేశాల్లో జరిగాయి. పొడిగానే వాడండి. మంటగా అనిపిస్తే వెంటనే కడిగేసుకోండి, పాపం లేదు. ఆ రోజు చదివే మత్తయి సువిశేషం ఆరో అధ్యాయం కూడా ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కోమనే చెబుతుంది.

పటం వెనకా గుమ్మం పైనా పెట్టిన పాత మట్టల సిలువల్ని ముందు ఆదివారం పూజకు వచ్చేటప్పుడు మర్చిపోకుండా తెండి. మంగళవారం సాయంత్రం తెస్తే కాల్చి, ఆర్చి, జల్లించే టైం మాకు ఉండదు.