సోరియాసిస్ తీవ్రత: చర్మం మీద ఏం కొలవాలి, రక్తంలో ఏం చూడాలి

సోరియాసిస్ ఎంత ముదిరిందో ఒక్క రక్తపరీక్షతో తేల్చే వీలు లేదు. ఒంటి నిండా మచ్చలున్నా సీఆర్పీ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) నార్మల్‌గా రావచ్చు, మోచేతుల మీద రెండే మచ్చలున్నా పెరిగి ఉండొచ్చు. అందుకే ముందు చర్మాన్ని కొలిచి రాసుకోండి. అదే వారంలో రక్తమిచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

కొలతకు మీ అరచెయ్యే చాలు. వేళ్లతో సహా అది ఒంటి మీది చర్మంలో సుమారు 1 శాతం. మచ్చలన్నీ కలిపి 10 అరచేతులు దాటితే జబ్బు తీవ్రమైనట్టే. ముఖం, అరచేతులు, అరికాళ్లు, గోళ్లు, జననాంగాల దగ్గర మాత్రం కొంచెం వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

మచ్చల విస్తీర్ణం, తీవ్రత కలిపి లెక్కేసేందుకు డాక్టర్లు వాడే పాసీ స్కోరు 1978 నాటిది. ఒంటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒంట్లో దాని వాటాను బట్టి ఒక అంకె ఇస్తారు: తల, మెడ 0.1; చేతులు 0.2; ఛాతీ, పొట్ట, వీపు 0.3; పిరుదులతో సహా కాళ్లు 0.4. ఒక్కో భాగంలో ఎరుపు, మందం, పొలుసులకు 0 నుంచి 4 దాకా మార్కులు వేసి కూడతారు. ఆ భాగంలో మచ్చలు ఎంత మేర పరుచుకున్నాయో చూసి 0 నుంచి 6 దాకా ఇంకో అంకె వేస్తారు: 10 శాతం లోపైతే 1, 10–29 అయితే 2, 30–49 అయితే 3, అలా పైకి. ఉదాహరణకు కాళ్ల మీద ఎరుపు 3, మందం 2, పొలుసు 3 అనుకుందాం. మొత్తం 8. కాళ్లలో 20 శాతం మేర ఉంటే అంకె 2. వీటిని కాళ్ల వాటాతో గుణిస్తే 8×2×0.4 = 6.4. నాలుగు భాగాలూ కలిపితే వచ్చేదే పాసీ, గరిష్ఠం 72. 10 దాటితే తీవ్రం.

ఇక్కడ పొరపాట్లు ఎక్కువ. చామనఛాయ చర్మం మీద ఎరుపు ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది, దాంతో మార్కు తక్కువ పడుతుంది. కొబ్బరినూనె రాసుకున్నాక చూస్తే పొలుసు తేలదు, కాబట్టి రాయకముందే చూడాలి. మానిపోయాక మిగిలిన నల్లటి, చదునైన, పొలుసు లేని మరకను లెక్కలో కలపకండి.

ఇక రక్తం సంగతి. సీఆర్పీ చూసేటప్పుడు ముందు యూనిట్ చదవండి. ఒక ల్యాబ్ లీటరుకు 6 మిల్లీగ్రాములని ఇస్తే, ఇంకో ల్యాబ్ అదే విలువను డెసిలీటరుకు 0.6 అని ఇస్తుంది. జబ్బు తగ్గిందని పొరబడతారు. జ్వరం, పంటి చీము, గొంతునొప్పి ఉన్నప్పుడు పరీక్షకు రక్తం ఇవ్వకండి, తగ్గాక రెండు వారాలు ఆగండి. అధిక బరువు కూడా సీఆర్పీని పెంచుతుంది. వాపును సూచించే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్‌ను రక్తహీనత, వయసు, గర్భం పెంచుతాయి, అందుకే దాని మీద ఎక్కువ ఆధారపడలేం.

సీబీపీ (రక్తకణాలను లెక్కించే పరీక్ష) రిపోర్టులోనే ఇంకో సూచిక దొరుకుతుంది. అందులోని రెండు రకాల తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి: 70ని 20తో భాగిస్తే 3.5. సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఈ నిష్పత్తి సగటున ఎక్కువే, కానీ ఇది తీవ్రం, ఇది తేలిక అని గీత గీసే అంకె లేదు. మీ పాత అంకెతో పోల్చుకోవడానికే పనికొస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్స్ తగ్గి లెక్క తప్పుతుంది. అలాగని పరీక్ష కోసం ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా చీముపొక్కులు లేచే ప్రమాదం ఉంది.

షుగర్, లిపిడ్ ప్రొఫైల్ కూడా చేయించుకోండి. అవి తీవ్రతను చెప్పవు కానీ, ఈ జబ్బు ఉన్నవాళ్లకు మధుమేహం, గుండెజబ్బు ముప్పు ఎక్కువ. సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు వాడేవాళ్లకు సీబీపీ, లివర్, క్రియాటినిన్ పరీక్షలు మందు భద్రత కోసం; వాటిని జబ్బు కొలతగా చదవకండి.

పొద్దున లేచాక అరగంట దాటినా కీళ్లు పట్టేసి ఉంటే, వేలు మొత్తం ఉబ్బితే, సీఆర్పీ ఎంత వచ్చినా, ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) నెగటివ్ అని ఉన్నా కీళ్ల డాక్టర్‌ను కలవండి. సోరియాసిస్ కీళ్లకు పాకినప్పుడు ఆ రెండూ మామూలుగానే రావచ్చు.